చల్లటి హీట్‌సింక్, కాలుతున్న చిప్: ఒక నార్త్‌బ్రిడ్జ్ డైరీ

మొదటి రోజు

ఇల్లలకగానే పండగైపోదని తెలుసు, అయినా కొత్త టవర్ కూలర్ బిగించగానే పండగ చేసుకున్నా. సరంజామా పాతదే: ఇంటెల్ పీ45 చిప్‌సెట్ ఉన్న బోర్డు (ప్రాసెసర్‌కీ మెమరీకీ మధ్య నిలబడే నార్త్‌బ్రిడ్జ్ చిప్ ఆ పీ45యే), కోర్ 2 క్వాడ్ క్యూ6600 ప్రాసెసర్, రెండు డీడీఆర్2-800 మెమరీ కర్రలు. ప్రాసెసర్‌తో వచ్చిన గుండ్రటి కూలర్ మీద ఇన్నాళ్లూ ఓవర్‌క్లాక్ చేసి, అంటే పుట్టువేగాన్ని మించి, 356 × 9 = 3.2 గిగాహెర్ట్జ్ దగ్గర నడిపా. టవర్ వచ్చాక ఎఫ్‌ఎస్‌బీని, అంటే ప్రాసెసర్ నార్త్‌బ్రిడ్జ్‌తో మాట్లాడే దారి గడియారాన్ని, 400 మెగాహెర్ట్జ్‌కి తోశా. దాన్ని మల్టిప్లయర్ 9తో గుణిస్తే ప్రాసెసర్ వేగం: 400 × 9 = 3.6 గిగాహెర్ట్జ్. మిషను నిలబడుతుందో లేదో గట్టి లెక్కలతో పరీక్షించే ప్రైమ్95 ప్రోగ్రాములో స్మాల్ ఎఫ్‌ఎఫ్‌టీ పరీక్ష రెండు గంటలు కిక్కురుమనకుండా నడిచింది. ప్రాసెసర్ వేడి కూడా పాతదానికన్నా తక్కువే.

తర్వాత అందులోనే బ్లెండ్ పరీక్ష పెట్టి పడుకున్నా. లేచేసరికి మిషను రీస్టార్ట్ అయి లాగిన్ తెర దగ్గర కూర్చుని ఉంది.

రెండో రోజు

నిన్న రాత్రి పడిపోయింది, ఇవాళ పొద్దున చల్లగా ఉన్నప్పుడు రెండు గంటలు నిలబడింది, మధ్యాహ్నం 40 నిమిషాలకే మళ్లీ పడింది. పొద్దున నిలబడి మధ్యాహ్నం పడిపోయేదాన్ని వేడి సమస్య కాక ఇంకేమనాలి? కానీ ఏది వేడెక్కుతోంది?

నార్త్‌బ్రిడ్జ్ హీట్‌సింక్ మీద వేలు పెట్టి చూశా. వెచ్చగా ఉంది, అంతే. పది సెకన్లు పెట్టినా వేలు తియ్యబుద్ధి కాలేదు. "ఇది కాదులే" అనుకుని ప్రాసెసర్ వోల్టేజీ పెంచి చూడ్డం, మెమరీ టైమింగ్స్ వదులు చెయ్యడం, కర్రలు అటూ ఇటూ మార్చడం. రోజంతా ఇదే తంతు. ఆ వేలు నన్ను ఎంత మోసం చేసిందో తర్వాత గానీ తెలియలేదు.

మూడో రోజు

ఆవేశం పక్కన పెట్టి కాగితం మీద లెక్క రాసుకున్నా. ఎఫ్‌ఎస్‌బీ 400, మెమరీ దానితో 1:1. అంటే డీడీఆర్2-800 కర్రలు వాటి సొంత వేగంలోనే, 400 మెగాహెర్ట్జ్ గడియారం మీదే ఉన్నాయి. మెమరీని నేను ఓవర్‌క్లాక్ చెయ్యనేలేదు. ప్రాసెసర్ సంగతి తేల్చడానికి మల్టిప్లయర్‌ని 9 నుంచి 6కి దించా. 400 × 6 = 2.4 గిగాహెర్ట్జ్, అది క్యూ6600 పుట్టువేగం. ఇప్పుడు ప్రాసెసర్‌కి ఏ కష్టమూ లేదు. బోర్డంతటిలో మామూలుకన్నా ఎక్కువ పని చేస్తున్నది నార్త్‌బ్రిడ్జ్ ఒక్కటే.

బ్లెండ్ పెట్టా. 50 నిమిషాలకు పడింది. దొంగ దొరికాడు.

స్మాల్ ఎఫ్‌ఎఫ్‌టీ ఎందుకు బాగా నడిచిందో కూడా ఇప్పుడు అర్థమైంది. ఆ లెక్కలు ప్రాసెసర్ క్యాష్‌లోనే ఇమిడిపోతాయి, మెమరీ దాకా పెద్దగా పోవు. బ్లెండ్ మెమరీని గట్టిగా వాడుతుంది. ఈ తరం బోర్డుల్లో మెమరీ కంట్రోలర్ ఉండేది నార్త్‌బ్రిడ్జ్‌లోనే కాబట్టి బరువంతా దాని మీద పడుతుంది. ఏఎండీ 2003లో అథ్లాన్ 64తోనే దాన్ని ప్రాసెసర్‌లోకి తెచ్చేసింది, ఇంటెల్ 2008 చివర్లో మొదటి కోర్ ఐ7తో తెచ్చింది. మనది అంతకు ముందు బండి.

రెండు తప్పులు ఒకేసారి చేశానని కూడా తేలింది. పాత కూలర్ ఫ్యాను గాలిని కిందికి, బోర్డు మీదికి ఊదేది. ఆ గాలే చుట్టూ పాకి నార్త్‌బ్రిడ్జ్‌నీ, ప్రాసెసర్‌కి కరెంటిచ్చే మాస్‌ఫెట్లనీ చల్లబరిచేది. టవర్ కూలర్ గాలిని బోర్డుకి సమాంతరంగా వెనక్కి తోసేస్తుంది, కింద ఉన్నవాటికి గాలి లేదు. ఒక పక్క గాలి తీసేశా, ఇంకో పక్క ఎఫ్‌ఎస్‌బీ పెంచా.

అన్నీ సరే, వేలికి వెచ్చగానే తగిలిందే?

క్యాబినెట్ వెనక పలకలో ప్రాసెసర్ వెనక్కి వచ్చేలా పెద్ద కిటికీ కోసి ఉంటుంది. దాని అంచులోంచి వేలు దూర్చి నార్త్‌బ్రిడ్జ్ వెనక భాగాన్ని తాకా. చుర్రుమంది. ముందు హీట్‌సింక్ గోరువెచ్చన, వెనక బోర్డు నిప్పు. చిప్‌లో పుట్టిన వేడి హీట్‌సింక్ దాకా రావట్లేదన్నమాట.

నాలుగో రోజు

ఇక వేలు కాదు, కొలత కావాలి. ఈ బోర్డులో నార్త్‌బ్రిడ్జ్‌కి నమ్మదగిన సెన్సర్ లేదు. సాఫ్ట్‌వేర్‌లో ఒక గడి 127 డిగ్రీలని చూపిస్తుంది, అది ఏమీ తగిలించని సెన్సర్ చెప్పే పిచ్చిమాట.

ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ ఉంది కదా అని హీట్‌సింక్ మీదికి గురిపెట్టా, 35 చూపించింది. మెరిసే లోహం మీద ఇది పనికిరాదు. నున్నటి లోహం తన వేడిని చాలా తక్కువగా ప్రసరిస్తుంది, చుట్టుపక్కల వస్తువుల వేడిని అద్దంలా తిప్పికొడుతుంది. నల్లటి ఇన్సులేషన్ టేపు ముక్క అంటించి దాని మీదికి గురిపెడితే 48కి వచ్చింది. అయినా ఒక పరీక్షంతా చేత్తో పట్టుకుని కూర్చోలేం కాబట్టి మల్టీమీటర్‌తో వచ్చిన, వేడి కొలిచే కె-టైప్ థర్మోకపుల్ తీగలు రెండు వాడా. ఒకటి హీట్‌సింక్ అడుగు దగ్గర, ఇంకొకటి బోర్డు వెనక సరిగ్గా చిప్ నడిమధ్యన, వేడికి తట్టుకునే కాప్టన్ టేపుతో.

గది 30 డిగ్రీలు ఉన్నప్పుడే కొలవాలని నియమం పెట్టుకున్నా. ఒకసారికి ఒకటే మార్పు. 400 × 6, బ్లెండ్ అరగంట:

హీట్‌సింక్ 49, బోర్డు వెనక 78.

వెనక 78 ఉంటే లోపల సిలికాన్ అంతకన్నా ఎక్కువే ఉంటుంది.

ఐదో రోజు

విప్పకుండా ఏమైనా అవుతుందేమో అన్న బద్ధకం. 80 మిల్లీమీటర్ల ఫ్యానుని జిప్ టైలతో హీట్‌సింక్ ఎదురుగా వేలాడదీశా. హీట్‌సింక్ 41, వెనక 73. ఫలితం లేకపోలేదు, కానీ హీట్‌సింక్ 8 డిగ్రీలు తగ్గితే వెనక తగ్గింది 5. నాలుగు గంటలు నిలబడి మళ్లీ పడిపోయింది. అన్నం ఉడకకుండా పొయ్యి పక్కన విసనకర్ర ఊపినట్టుంది వ్యవహారం.

ఏడో రోజు

బోర్డు మొత్తం బయటికి తీశా. కంపెనీ వేసిన హీట్‌సింక్ ఒక గొలుసు: మాస్‌ఫెట్ల మీద ఒక ముక్క, నార్త్‌బ్రిడ్జ్ మీద ఒకటి, సౌత్‌బ్రిడ్జ్ (డిస్కులు, యూఎస్‌బీ చూసుకునే చిప్) మీద ఒకటి, మూడింటినీ కలుపుతూ రాగి హీట్‌పైపు. చూడ్డానికి నగలా ఉంటుంది. వెనక ప్లాస్టిక్ పిన్నుల ముక్కుల్ని ముక్కుశ్రావణంతో నొక్కి ఒక్కోదాన్నీ వదిలించా.

పైకి లాగితే రాలేదు. ఇక్కడ బలం ఉపయోగిస్తే చిప్ కూడా ఊడి వస్తుంది, లేదా డై (చిప్‌లోని అసలు సిలికాన్ ముక్క) మూల పెళ్లుతుంది. పీ45కి ప్రాసెసర్‌కున్నట్టు పైన లోహపు మూత లేదు, నడిమధ్యన అద్దంలా మెరిసే సిలికాన్ ముక్క బయటికే ఉంటుంది. హెయిర్ డ్రయ్యర్‌తో రెండు నిమిషాలు వెచ్చబెట్టి, హీట్‌సింక్‌ని పైకి కాకుండా అటూ ఇటూ ఒక వెంట్రుకంత తిప్పుతూ పోతే జిగురు సాగి వదిలింది.

టార్చి పట్టుకున్న తమ్ముడే ముందు చూశాడు. "అన్నయ్యా, సగమే అంటుకుంది చూడు."

నిజమే. హీట్‌సింక్ అడుగున బూడిదరంగు చూయింగ్ గమ్‌లాంటి పదార్థం. అందులో డై ముద్ర నలుచదరంగా పడాలి. ఒక మూల లోతుగా, పదునుగా పడింది, అక్కడ జిగురు పొరలోంచి లోహం కనపడుతోంది. ఎదుటి మూలకు వచ్చేసరికి ముద్రే లేదు, గమ్ము పోసినప్పటి గీతలు చెక్కుచెదరకుండా ఉన్నాయి. అంటే ఏళ్ల తరబడి సగం డై మాత్రమే హీట్‌సింక్‌ని తాకింది, మిగతా సగం మందపాటి గమ్ము మీదుగానో, సన్నటి గాలి పొర మీదుగానో వేడిని పంపడానికి తంటాలు పడింది. గాలి ఉష్ణవాహకత మీటరుకి కెల్విన్‌కి 0.026 వాట్లు. రాగిది దాదాపు 400. ఆ గాలి పొర పైన వెండి హీట్‌సింక్ పెట్టినా అంతే సంగతులు.

కారణం కూడా అక్కడే ఉంది. గొలుసులో మాస్‌ఫెట్ల ముక్కని స్క్రూలతో బిగించారు, నార్త్‌బ్రిడ్జ్ ముక్కని స్ప్రింగు పిన్నులతో. స్క్రూ బలం ముందు స్ప్రింగు ఎంత? అటు బిగించిన కొద్దీ పైపు ఇటు పక్కని కొద్దిగా ఎత్తిపట్టింది.

ఐసోప్రొపైల్ ఆల్కహాల్, నూగు రాలని గుడ్డ, ఓపిక. గమ్ముని ప్లాస్టిక్ కార్డు అంచుతో గీకా, డై దగ్గర అది కూడా వద్దు, తడిపి నాననిచ్చి తుడవడమే. చుట్టూ బియ్యపు గింజ కన్నా చిన్న కెపాసిటర్లు ఉంటాయి, కార్డు జారితే ఒకటి ఎగిరిపోతుంది.

ఎనిమిదో రోజు

పరువు తక్కువ పని, అయినా రాస్తున్నా. పాత గొలుసునే తిరిగి పెడదాం, ఈసారి నార్త్‌బ్రిడ్జ్‌కి గమ్ము బదులు పలచటి థర్మల్ పేస్ట్, మాస్‌ఫెట్లకు కొత్త ప్యాడ్లు (వేడిని దాటించే మెత్తటి పలకలు). పాత ప్యాడ్లు 1 మిల్లీమీటర్. నా దగ్గర ఉన్నవి 1.5. "అరమిల్లీమీటరే కదా, నొక్కుకుపోతుంది" అనుకున్నా.

అరగంట పరీక్ష పూర్తి చెయ్యనేలేదు. 12 నిమిషాలకే వెనక 81, హీట్‌సింక్ 44. ఆపేసి విప్పితే పేస్ట్ ఒక అంచున మాత్రమే అణిగింది, మిగతాదంతా నేను పూసినట్టే ఉంది. మందం ప్యాడ్లు ఆ చివరని ఎత్తి, ఏ జబ్బు తగ్గించాలని మొదలుపెట్టానో దాన్నే ముదరబెట్టాయి. గమ్ము కనీసం సందు నింపేది. పేస్ట్ నింపదు, అది రెండు నున్నటి తలాల మధ్య కంటికి కనపడని గుంటల కోసమే.

పదో రోజు

1 మిల్లీమీటర్ ప్యాడ్లు తెప్పించా. ఈసారి వరస మార్చా: ముందు నార్త్‌బ్రిడ్జ్ పిన్నులు రెండూ టక్కుమనేదాకా నొక్కి, ఆ తర్వాతే మాస్‌ఫెట్ల స్క్రూలు, ఒక్కోదాన్నీ సగం తిప్పు చొప్పున మార్చి మార్చి. పరీక్షకు ముందే ఒకసారి విప్పి ముద్ర చూసుకున్నా, డై మొత్తం సమంగా పడింది. తుడిచి, కొత్త పేస్ట్ వేసి మూశా.

ఫ్యాను లేకుండా అరగంట. మీటరు చూసి మొదట గుండె జారింది: హీట్‌సింక్ 57. ముందు 49 ఉండేది, 8 డిగ్రీలు పెరిగింది! తర్వాత రెండో తీగ చూశా. వెనక 62. ముందు 78.

హీట్‌సింక్ ఒక్కదాన్నే కొలిచి ఉంటే పేస్ట్ మార్చడం వల్ల చెడిందని రాసి పెట్టేవాణ్ని. ఇదివరకు దారి దొరక్క బోర్డులోకి ఇంకుతున్న వేడి ఇప్పుడు హీట్‌సింక్‌లోకి వస్తోంది, అది వేడెక్కడం దాని ఉద్యోగం. గట్టి పని చేస్తున్న చిప్ మీద హీట్‌సింక్ చల్లగా ఉందంటే మురిసిపోకూడదు, అనుమానించాలి. ఎవరైనా "తాకి చూశా, చల్లగానే ఉంది" అంటే నాకు ఇక నమ్మకం లేదు.

వేలాడదీసిన ఫ్యానుని మళ్లీ పెడితే హీట్‌సింక్ 48, వెనక 54. అదే ఫ్యాను మొదట వెనక వైపు 5 డిగ్రీలే తగ్గించింది, ఇప్పుడు 8. బ్లెండ్ రాత్రంతా నిలబడింది.

పన్నెండో రోజు

ఇక్కడితో ఆపొచ్చు. కానీ ఆ గొలుసు ఆలోచన నచ్చలేదు. మల్టిప్లయర్‌ని తిరిగి 9కి తెచ్చాక మాస్‌ఫెట్లు బాగా కాలుతున్నాయి, ఆ వేడి పైపు మీదుగా నార్త్‌బ్రిడ్జ్ దగ్గరికే వస్తోంది. హీట్‌పైపుకి మనవాళ్లు పరాయివాళ్లు తెలియదు, ఎక్కువ వేడి ఉన్న చోటి నుంచి తక్కువ ఉన్న చోటికి మోస్తుంది. వేరు కాపురం పెట్టించాలి. పైపుని మధ్యకి కోసేస్తే పోదా అని తమ్ముడి సలహా. కోస్తే లోపలున్న ద్రవం ఆవిరై పోతుంది, అది ఇక ఒట్టి గొట్టమే. పైగా మళ్లీ పాత స్థితికి వెళ్లే దారి మూసుకుపోతుంది. కొయ్యలేదు.

విడి కూలర్లలో ఏది? అప్పట్లో ఈ పనికి మూడు జాతులు ఉండేవి. హీట్‌పైపులతో పైకి లేచే బుల్లి టవర్లు, థర్మల్‌రైట్ హెచ్‌ఆర్-05, నోక్టువా ఎన్‌సీ-యూ6 లాంటివి. జాల్‌మన్ అమ్మిన నీలం అల్యూమినియం ముక్కలా ఫ్యాను లేనివి. రాగిని పోతపోసో, సాగగొట్టో చేసిన పొట్టి ముళ్ల దిమ్మలు, వాటి మీద చిన్న ఫ్యాను.

మనసు బుల్లి టవర్ మీదే ఉంది. అట్టముక్కలతో దాని కొలతలకు ఒక పెట్టె కట్టి, బోర్డు మీద నిలబెట్టి చూశా. ప్రాసెసర్ కూలర్ ఫ్యానుకి తగిలింది. తిప్పి పెడితే గ్రాఫిక్స్ కార్డు వీపుకి ఆనింది. అట్ట కాబట్టి నలిగింది, ఇంకేమీ పోలేదు. ఇంకో భయం బరువు: బోర్డు నిలువుగా ఉంటుంది కదా, పొడుగాటి కూలర్ రెండు ప్లాస్టిక్ పిన్నుల మీద గోడకు కొట్టిన మేకులా వేలాడుతూ బయట పడి ఉన్న డై అంచుని ఒత్తుతుంది.

పొట్టి రాగి దిమ్మే ఖాయం చేశా. రాగి అన్నంత మాత్రాన అద్భుతం జరగదు. అల్యూమినియం ఉష్ణవాహకత 237, రాగిలో సగం పైనే, బరువేమో మూడో వంతు కన్నా తక్కువ. వేడి చివరికి గాలిలోకి పోవాలి, అక్కడ లెక్కకొచ్చేది లోహం జాతి కాదు, గాలికి తగిలే వైశాల్యం. రాగి పనికొచ్చేది అడుగున: గోరంత డై మీద పుట్టే వేడి దిమ్మ అంచుల దాకా తొందరగా పరుచుకోవడానికి. పిన్నుల రంధ్రాల మధ్య దూరాన్ని మూల నుంచి మూలకి స్కేలు పెట్టి కొలిచాకే తెప్పించా, బోర్డు బోర్డుకీ అది మారుతుంది.

దానితో 40 మిల్లీమీటర్ల ఫ్యాను వచ్చింది. ఒకసారి తిప్పి చూశా, చెవి దగ్గర దోమ. పక్కన పడేసి పాత 80నే, నిమిషానికి 1,200 తిప్పుల మీద, దిమ్మ మీదికీ మాస్‌ఫెట్ల మీదికీ సగం సగం పడేలా కోణంలో నిలబెట్టా.

పదమూడో రోజు

గొలుసు తీసేశాక మాస్‌ఫెట్లకి టేపుతో అంటించిన చిన్న సింక్‌లలో ఒకటి రాత్రి టిక్కుమని రాలి గ్రాఫిక్స్ కార్డు వీపు మీద పడింది. అదృష్టం కొద్దీ ఆ చోట టంకం మొనలేమీ లేవు, లేకపోతే షార్టే. కాలే వస్తువుని అంటుకునే టేపు మీద నిలువుగా వేలాడదీయడం నా తెలివితక్కువతనం. అన్నీ పీకేసి, పాత రంధ్రాలకి స్క్రూలతో బిగించే ఒకే పొడుగాటి సింక్ పెట్టా. సౌత్‌బ్రిడ్జ్‌కి పలచటి అల్యూమినియం పలక చాలు. ఈ బోర్డు సౌత్‌బ్రిడ్జ్ అయిన ఐసీహెచ్10ఆర్ గరిష్ఠంగా 4.5 వాట్ల చిప్, పైన గ్రాఫిక్స్ కార్డు ఉంటుంది కాబట్టి ఎత్తు ఒక్కటే చూసుకోవాలి.

మళ్లీ అదే అరగంట: హీట్‌సింక్ 43, వెనక 50.

అంటే కొత్త దిమ్మ కొని, రెండు రోజులు కష్టపడితే వెనక తగ్గింది 4 డిగ్రీలు. పేస్ట్ సరిగ్గా కూర్చోబెడితే తగ్గింది 16.

పదిహేనో రోజు

ముందే చెయ్యాల్సింది చివర్లో గుర్తొచ్చింది. బయోస్‌లో (బోర్డు సెట్టింగులు మార్చే తెరలో) నార్త్‌బ్రిడ్జ్ వోల్టేజీ ఇన్నాళ్లూ "ఆటో"లోనే ఉంది. పీ45 మామూలు వోల్టేజీ 1.10. ఎఫ్‌ఎస్‌బీ పెంచితే ఎందుకైనా మంచిదని ఆటో ఎంత ఇచ్చిందో తెలుసా? 1.34.

పీ45కి ఇంటెల్ చెప్పిన వేడి పరిమితి 22 వాట్లు. వేడి వోల్టేజీ వర్గంతోనూ, వేగంతోనూ పెరుగుతుంది. ఎఫ్‌ఎస్‌బీకి ఇంటెల్ ఒప్పుకున్న 333 నుంచి 400కి వేగం 1.2 రెట్లు, 1.10 నుంచి 1.34కి వోల్టేజీ వర్గం దాదాపు 1.48 రెట్లు. గుణిస్తే 39 వాట్ల దాకా వస్తుంది. ఇది మోటు లెక్కే, కానీ పెరిగినదాంట్లో ఎక్కువ భాగం నేను అడిగిన వేగం వల్ల కాదు, ఎవరూ అడగని వోల్టేజీ వల్ల వచ్చిందని చెప్పడానికి చాలు.

1.28, 1.24, 1.20 దాకా మెట్టు మెట్టుగా దించా. 1.18 దగ్గర 20 నిమిషాలకు ప్రైమ్95 ఒక కోర్ మీద తప్పు చూపించి ఆగింది. 1.22 దగ్గర స్థిరపరిచా, అదే లెక్కలో సుమారు 32 వాట్లు. హీట్‌సింక్ 39, వెనక 45. బయోస్‌లో ఒక అంకె మార్చడం అంత దిమ్మ కన్నా ఒక డిగ్రీ ఎక్కువే తగ్గించింది.

400 × 9 మీద బ్లెండ్ 12 గంటలు, మెమరీని పరీక్షించే మెమ్‌టెస్ట్86+ ఐదు విడతలు. ఒక్క తప్పూ లేదు.

పదహారో రోజు

ఒక స్నేహితుడు తన కొత్త బోర్డు చిప్‌సెట్‌కి కూడా రాగి దిమ్మ పెట్టమంటావా అన్నాడు. వద్దన్నా. ఇప్పుడు మెమరీ కంట్రోలర్, గ్రాఫిక్స్ లైన్లు ప్రాసెసర్‌లోనే ఉన్నాయి, మల్టిప్లయర్ పెంచితే చిప్‌సెట్‌కి పెద్దగా తెలియదు. 2019లో వచ్చిన ఏఎండీ ఎక్స్570 కాస్త వేరు, కార్డులు, డిస్కులు మాట్లాడే వేగవంతమైన దారి పీసీఐఈ 4.0 వల్ల 11 వాట్ల దాకా వెళ్తుంది, అందుకే ఆ బోర్డుల్లో చాలావాటికి బుల్లి ఫ్యాన్లు పెట్టారు. అక్కడ కూడా ముందు చూడాల్సింది ఆ ఫ్యాను నోటికి గ్రాఫిక్స్ కార్డు అడ్డం పడిందా అని.

పదిహేడో రోజు

ఉండబట్టలేక 425 ప్రయత్నించా, మల్టిప్లయర్ 8తో. వెనక 47 దాటలేదు, అయినా పది నిమిషాలకు తప్పులు. నార్త్‌బ్రిడ్జ్ వోల్టేజీ 1.30 దాకా ఇచ్చినా అంతే. ఇది వేడి గొడవ కాదు, ఈ క్వాడ్ ఈ బోర్డు మీద ఇంతకు మించి ఎక్కనంటోంది. 400కి తిరిగొచ్చా.

థర్మోకపుల్ తీగల్లో వెనకదాన్ని తియ్యలేదు, కొసని బయటికి తెచ్చి పలక పక్కన చుట్టి పెట్టా. పాత గొలుసు హీట్‌సింక్‌ని పెట్టెలో వేసి పైన కాగితం అంటించా: మాస్‌ఫెట్ ప్యాడ్ 1 మి.మీ., 1.5 కాదు.